వెనక గదిలోంచి ఒక్కరు బయటికి రావడం లేదు

ఆదివారం, సాయంత్రం

నా పేరు చెప్పమన్నారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాంతో పిలిస్తే నేనే పలకను. ఈ వీధిలో ఎవర్ని అడిగినా ఉరుములమ్మ అంటారు. అదే రాయండి. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందనేది మా ఆయన లెక్క. (రాసేవాడి మాట: డెబ్బై నాలుగు.) ఇల్లూ లాండ్రీ ఒకే కప్పు కింద. పెద్దోడు ఉతికే మిషన్ల దగ్గర, చిన్నోడు బట్టలు చేరవేసే వ్యాను మీద, పెద్ద కోడలు ముందు కౌంటర్లో, చిన్న కోడలు ఇస్త్రీ హాల్లో. నేను అందరి నెత్తి మీద. చదువు రాదు. నేను చెప్తుంటే మా ఆయన రాస్తున్నారు. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టేశారు. మధ్యలో ఆయన సొంత మాటలు ఇరికిస్తే నా పూచీ లేదు.

వదినా, మా ఆయనకి అక్కగారు మీరు, ఈ ఇంటి తగవులకి మీదే తీర్పు కాబట్టి కేసు మీకే చెప్తున్నాను. ఏ రోజు సంగతి ఆ రోజే రాయించమన్నారుగా. వినండి.

ఏ బట్ట ఎవరిది, దాని మీద మరకేంటి, ఇప్పుడు ఏ కొక్కేనికి వేలాడుతోంది, ఇదంతా వెనక గదిలో ఒక మిషన్‌లో ఉంటుంది. ఆ కొట్టు మొత్తాన్నీ డేటాబేస్ అంటారు. ఇంట్లో వాళ్ళంతా ఎవరి కంప్యూటర్లోంచి వాళ్ళు, ఎవరి ఫోన్లోంచి వాళ్ళు అందులోకి వెళ్ళి కూర్చుని పని చేసుకుంటారు. అలా ఒక్కొక్కరు వెళ్ళి కూర్చుంటే ఒక్కో కనెక్షన్ అట. ఇప్పుడా మిషన్ ముసలిదైపోయింది. మూలుగుతోంది. అందులో సరుకంతా కొత్త మిషన్‌లోకి మార్చాలి. మార్చే కాసేపు లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. అందరూ బయటికి రావాలి. అంతే పని.

పోయిన నెల ఒకసారి మొదలుపెట్టారు. త్వరగా రండ్రా అని నేనొక్క కేక వేశాను. ఒక్కటే! బెదిరిపోయి ఎవరికి వాళ్ళు చేస్తున్న పని వదిలేసి వైర్లు పీకేశారు. రాసుకున్నది సగంలో ఎగిరిపోయింది. హోటల్ వాళ్ళ కర్టెన్లు పళ్ళ డాక్టర్‌కి వెళ్ళాయి. పళ్ళ డాక్టర్ తెల్ల కోట్లు హోటల్ వాళ్ళ కిటికీలకి... వద్దులెండి.

అందుకని కంప్యూటరమ్మాయి, అదే, మిషన్ బాగుచేసే ఆవిడ, షరతు పెట్టింది. "బామ్మగారు అరిస్తే నేను రాను." దాని మీద పెద్ద కోడలు ఊరుకోక పందెం కట్టింది. పని పూర్తయ్యేదాకా నేను ఎవరి మీదా అరవకూడదు. అరిస్తే వెనక గది తాళంచెవి తనకిచ్చెయ్యాలి. అరవకపోతే, తాళంచెవి మాట ఈ జన్మలో ఎత్తదు.

ఆ తాళంచెవి నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ నా నడుముకే ఉంది. అది లేకపోతే నేను ఈ ఇంట్లో మంచం మీద కూర్చుని టీ తాగే ముసల్దాన్ని. అదీ నా భయం. రాయండి, సిగ్గేముంది.

ఒప్పుకున్నాను. రేపటి నుంచి అరవను.

సోమవారం

పొద్దున్నే లేచాను. గొంతు ఎంత చల్లగా ఉందో! మెత్తగా మాట్లాడటం అసలు కష్టమే కాదు. ఇన్నేళ్ళు ఎందుకు అరిచానో నాకే తెలియలేదు.

నేను పెట్టుకున్న పద్ధతి:
అందరినీ "తల్లీ", "నాయనా" అనాలి.
కోపం వస్తే మంచినీళ్ళు తాగాలి.
ఇంకా కోపం వస్తే మధ్యాహ్నం నడుం వాల్చి నా బొమ్మల పలక చూసుకోవాలి. (రాసేవాడి మాట: చిన్నోడు కొనిచ్చిన టాబ్లెట్. హాల్లో ఏ కొక్కేనికి ఏ బట్ట ఉందో బొమ్మలు కనిపిస్తాయి. చదవడం రాకపోయినా చూడొచ్చు. పక్కలోంచి దింపదు.)

సాయంత్రం షట్టర్ దించాక కంప్యూటరమ్మాయి వచ్చింది. వెనక గది తాళం నేనే తీశాను. తెర మీద చూసి చెప్పింది: లోపల తొమ్మిదిమంది.

"తొమ్మిదిమంది ఎవరమ్మా? మా ఇంట్లో నాకూ ఆయనకీ ఈ కంప్యూటర్ల గొడవే లేదు. ఉన్నది నలుగురు!"

"అదే నాకూ తెలీటం లేదు బామ్మగారూ. అందరి పేరూ ఒకటే ఉంది. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. ఎవరు పెట్టమన్నారు ఇలా?"

అందరూ నా వైపు చూశారు. అవును, నేనే చెప్పాను. ఒక ఇల్లు, ఒక వంట, ఒక తాళం. ఒక్కొక్కళ్ళకి ఒక్కో పేరేంటి, వేరు కాపరాలా? అప్పుడది మంచి మాటే.

కాబట్టి ఎవరెవరో తెర చూసి తెలుసుకోలేం. ఒక్కొక్క చోటికి నడిచి వెళ్ళి, అక్కడ తెరిచి ఉన్న కంప్యూటర్నో ఫోన్నో కట్టేయించి, ఇక్కడ ఒకటి తగ్గిందో లేదో చూసుకోవాలి. సరే, కాళ్ళు ఉన్నాయిగా!

ఇస్త్రీ హాల్లోకి వెళ్ళి, "తల్లీ, పని అయితే కాస్త బయటికి వస్తావా, బంగారం?" అన్నాను.

చిన్న కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, వచ్చి నా నుదురు పట్టుకుని చూసింది. "అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?"

అయినా మూడు చోట్ల కట్టించాను. ఈలోగా చీకటి పడింది, కంప్యూటరమ్మాయి రేపొస్తానని వెళ్ళిపోయింది. అరవలేదు. అసలు ఒక్కసారి కూడా!

మంగళవారం

పగలంతా పనులు ఉంటాయి కదా, అందరూ మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నారు. సాయంత్రం మళ్ళీ మొదటి నుంచీ. పరవాలేదు. ఓపిక ఉంది.

వ్యాను మీద చిన్నోడి ఫోన్ లోపల ఉందని తేలింది. వాడు ఊరి ఆ చివర ఉన్నాడు. ఫోన్ కలిపించి, "నాయనా, నీకు తీరికైనప్పుడు..." అన్నాను. అంతే అన్నాను.

"అమ్మా! ఎవరికేమైంది? నాన్న బాగున్నారా?"

"అందరూ బాగున్నారు నాయనా."

"అబద్ధం చెప్పకమ్మా! నీ గొంతే చెప్తోంది!"

బట్టలు ఇవ్వాల్సిన ఇళ్ళన్నీ వదిలేసి వ్యాను తిప్పుకుని వచ్చేశాడు. వచ్చి వాళ్ళ నాన్నని పట్టుకుని ఏడ్చాడు. మా ఆయన చేతిలో టీ గ్లాసు, ఆ గ్లాసుతోనే వాణ్ణి ఓదార్చడం మొదలుపెట్టారు. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

ఫోన్ మాత్రం కట్టించాను.

మెత్తగా మాట్లాడితే ఇంటిల్లిపాదికీ గుండె దడ. నేను చెప్తున్నది ఏంటంటే, ఈ మార్పు వీళ్ళకి కొత్త. అలవాటు కావాలి. నా తప్పేమీ లేదు.

బుధవారం

మంచినీళ్ళు చాలా తాగాను.

ఉతికే మిషన్ల గదిలో పెద్దోడితో మాట్లాడాను. అక్కడ బట్టలు పిండే మిషన్ తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని కాస్త గొంతు పెంచాను. పెద్ద కోడలు కౌంటర్ నుంచి తొంగి చూసి, "విన్నానత్తయ్యా!" అంది.

విన్నావు కదా, వినపడాలనే పెంచాను. అది అరుపు ఎలా అవుతుంది? వదినా, ఇది మీరు తేల్చాలి. నా వాదన ఇది, రాయండి:
మిషన్ల గదిలో గొంతు పెంచడం అరుపు కాదు.
దూరంగా ఉన్నవాళ్ళని పిలవడం అరుపు కాదు.
తిట్టు లేనిది అరుపు కాదు.
తిట్టు ఉన్నా, చిన్నగా ఉంటే కాదు.

(రాసేవాడి మాట: కిటికీ మీద పావురం ఎగిరిపోయింది.)

పావురాలు వాటంతటవే ఎగురుతాయి! అవి ఎగరక ఏం చేస్తాయి? అదీ రాయండి.

ఇవాళ దొరికింది: దుప్పట్ల కట్ట కింద ఒక పాత లాప్‌టాప్. ఎవరిదని అడిగితే ఒకరి వైపు ఒకరు చూపించారు. వెచ్చగా ఉంది. అది ఎన్నాళ్ళుగా తెరిచి ఉందో, లోపల కూర్చుని ఏం చేస్తోందో! పెద్దోడు తర్వాత ఒప్పుకున్నాడు, క్రికెట్ చూడ్డానికి తెచ్చుకుని మర్చిపోయాడట. నేను నాలుక కరుచుకున్నాను. నిజంగానే. రక్తం వచ్చింది.

గురువారం

ఇవాళ సరదా రోజు!

కంప్యూటరమ్మాయి అంది, "బామ్మగారూ, మిగిలినవాళ్ళు ఎవరో తెలిసేదాకా నడుస్తూ ఉంటే సంవత్సరం పడుతుంది. అందరూ పని సేవ్ చేసి దాచుకున్నారు కదా, ఇక్కడి నుంచే నేను బయటికి తోసేస్తాను."

"ఇక్కడి నుంచే తొయ్యొచ్చా? ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"పని దాచుకోకుండా తోస్తే పోయిన నెలలా అవుతుంది. అందుకని చివరికి ఉంచాను."

తను ఏదో టైపు చేసింది. "ఆ పెద్ద మీట నొక్కండి." నొక్కాను. ఒకరు పోయారు! మళ్ళీ నొక్కాను. ఇంకొకరు! వదినా, ఈ వయసులో ఇంత సుఖం నాకు ఇంకెందులోనూ దొరకలేదు. అరవక్కర్లేదు, తిట్టక్కర్లేదు, ఒక్క వేలు. ఈ మీట నా పెళ్ళినాడే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! (రాసేవాడి మాట: ఇక్కడ నావైపు చూసింది.)

అందరూ పోయారు. ఒక్కరు మిగిలారు.

నొక్కాను. పోయారు. రెప్ప వేసి తెరిచేసరికి మళ్ళీ వచ్చి కూర్చున్నారు! నొక్కాను. వచ్చారు. నొక్కాను. వచ్చారు. ఇదేం బుద్ధి! గెంటేసిన ఇంటికి సిగ్గు లేకుండా మళ్ళీ మళ్ళీ వస్తారా ఎవరైనా?

"అది మనిషి చేస్తున్నది కాదు బామ్మగారూ. ఏదో ఒక యంత్రం తనంతట తనే తిరిగొస్తోంది. ఎక్కడుందో కనుక్కోవాలి."

కౌంటర్, హాలు, మిషన్ల గది, వ్యాను, అన్నీ వెతికారు. అన్నీ కట్టేసి ఉన్నాయి. పెద్ద కోడలు మాత్రం చేతులు కట్టుకుని నిలబడి నవ్వు దాచుకుంటోంది.

నాకర్థమైంది. నన్ను అరిపించడానికి ఎక్కడో ఒకటి తెరిచి పెట్టింది. తాళంచెవి కోసం ఎంత పనికైనా సిద్ధం! నేనేం అనలేదు. మంచం ఎక్కి, బొమ్మల పలక చూస్తూ పడుకున్నాను.

శుక్రవారం

మధ్యాహ్నం ముసలి మిషన్ రెండుసార్లు ఆగిపోయి మళ్ళీ లేచింది. రేపటిదాకా నిలవదేమోనంది కంప్యూటరమ్మాయి. పట్టపగలే అందర్నీ బయటికి తెప్పించేశాం. ఆ ఒక్కరు తప్ప.

అప్పుడు ఆ అమ్మాయి ఒక ఉపాయం చేసింది. లోపల ఒక్కరికే చోటుండేలా తలుపు బిగించేస్తుందట. ఆ ఒక్క చోటూ తనది. ఇంకెవరూ రాలేరు. బాగుంది! బిగించింది. ఏదో సరిచేసుకోవడానికి ఒక్క క్షణం లేచి, తిరిగి కూర్చోబోయింది.

చోటు లేదు!

ఆ సందులో ఆ ఒక్కరూ దూరి కూర్చున్నారు. మా కొట్టు మొత్తానికీ ఉన్నది ఒకే కుర్చీ, దాంట్లో ఆ దొంగపీనుగ. బాగుచేసే మనిషి బయట, పని చేసుకునేవాళ్ళు బయట. ఎవరి తెర మీదా ఏమీ కనపడదు.

సరిగ్గా అప్పుడే కౌంటర్‌కి వకీలు వచ్చాడు. "నా నల్ల కోటు. ఇంకో గంటలో కోర్టులో ఉండాలి." హాల్లో నల్ల కోట్లు ఎన్ని! కొత్తగా కాలేజీ పట్టాల పండగ, అద్దె కోట్ల షాపు వాళ్ళవి గుట్టలు గుట్టలు. ఏది ఈయనదో డేటాబేస్‌కే తెలుసు. వకీలు గడియారం చూసుకుంటున్నాడు. పెద్ద కోడలు మొహం పాలిపోయింది. కానీ నాకప్పుడు ఆ మొహంలో నవ్వే కనిపించింది.

అరిచాను.

వదినా, ఇందులో వాదన లేదు. మిషన్లు ఆగి ఉన్నాయి, మనిషి పక్కనే ఉంది. అరిచాను. "తాళంచెవి కోసం కాపరం తగలబెడతావుటే! ఎక్కడ దాచావో చెప్పు, నీ దుంప తెగ!" ఇంకా చాలా. (రాసేవాడి మాట: నాకు రాయడానికి సిగ్గేసింది. వకీలు రెండు అడుగులు వెనక్కి వేశాడు. వీధిలో ఆటో ఒకటి ఆగింది.)

పెద్ద కోడలు ఏడవలేదు. చెయ్యి చాపింది. "తాళంచెవి, అత్తయ్యా."

ఇవ్వలేదు. బొమ్మల పలక చంకన పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకున్నాను.

ముసలి మిషన్ మూలుగుతోంది, నేను దాని పక్కన స్టూలు మీద. బయట అందరూ తలుపు కొడుతున్నారు. పెద్దోడు బతిమాలాడు, రాను. చిన్న కోడలు టీ అంది, రాను. మా ఆయన ఏదో అన్నారు, అసలు వినలేదు. అప్పుడు పెద్ద కోడలి గొంతు, ఎంత మెత్తగానో, "తల్లీ, పని అయితే కాస్త బయటికి వస్తారా, బంగారం?"

సోమవారం నేనన్న మాటే! నవ్వొచ్చింది, బిగబట్టాను. కోపం పోవాలని పలక తీసి చూసుకోవడం మొదలుపెట్టాను. వరసగా బట్టలు. ఎర్ర కొక్కేల వరస, కిటికీ పక్క, చివరిది, నల్ల కోటు. చేతి బొత్తానికి తెల్లదారం, పోయిన వారం నేనే కుట్టించాను, వకీలుదే!

"ఆ పెద్దమనిషి కోటు ఎర్ర కొక్కేల చివర ఉందర్రా! గుడ్డివాళ్ళా మీరంతా? నాకు కనపడుతోందే!" అన్నాను తలుపు లోంచి.

బయట చప్పుడు ఆగిపోయింది.

కంప్యూటరమ్మాయి గొంతు: "బామ్మగారూ... మీకు కనపడుతోందా?"

"కనపడక?"

"ఎందులో?"

నేను పలక వైపు చూశాను. పలక నా వైపు చూసింది. మెల్లిగా అన్నాను, "ఇది బొమ్మలే కదమ్మా. కంప్యూటర్ కాదుగా."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. వకీలు కూడా నవ్వాడు. నేనే, వదినా! తొమ్మిదో మనిషిని నేనే. గెంటిన ప్రతిసారీ సిగ్గు లేకుండా తిరిగొచ్చి కూర్చున్నది, ఉన్న ఒక్క కుర్చీ పట్టుకున్నది, నా మంచం మీదున్న నా పలక. నా వేలితో నన్నే నిన్న అన్నిసార్లు గెంటుకున్నాను!

ఏ మీట పట్టుకోవాలో కంప్యూటరమ్మాయి తలుపు బయటి నుంచి చెప్పింది. పలక కట్టేశాను. "నేను లోపలికి వెళ్ళాను" అని తన లాప్‌టాప్ ముందు కూర్చుని కేక వేసింది ఆ అమ్మాయి. ఆ పిల్ల అరిస్తే ఎవరికీ ఏమీ లేదు చూడండి.

నేను గడియ తీసి బయటికొచ్చాను. నేనూ నా పలకా, ఇద్దరం ఒకేసారి.

పెద్ద కోడలు కోటు తీసి వకీలుకి ఇచ్చి పంపేసింది. మేం టీ తాగి గ్లాసులు కడిగేలోగా సరుకంతా కొత్త మిషన్‌లోకి వెళ్ళిపోయింది. ఇన్ని రోజుల రభస దీనికా!

శనివారం

ముసలి మిషన్ ఆపేశారు. మూలుగు లేకపోతే గది ఏదోలా ఉంది.

కంప్యూటరమ్మాయి ఇక ఒకే పేరు కుదరదంది. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టింది. రేపు ఎవరు లోపల ఉండిపోయినా పేరు కనిపిస్తుంది, పేరు పెట్టి పిలవచ్చు. నా పలకకి ఉరుములమ్మ అని పెట్టింది. అక్షరాలు నాకు తెలియవు గానీ, తెర మీద అందరికంటే పైన కూర్చుంది నా పేరు. చూపించింది.

తాళంచెవి సంగతి. మీ తీర్పు వచ్చేదాకా ఆగొచ్చు. కానీ లేనిపోని నింద వేశాను, నోటికొచ్చింది అన్నాను. ఓడిపోయాను. పొద్దున్న కౌంటర్ మీద పెట్టాను తాళంచెవి. "తీసుకో. నిన్నన్న మాటలు మనసులో పెట్టుకోకు."

పెద్ద కోడలు తీసుకుంది! వద్దత్తయ్యా అంటుందని ఎదురుచూశాను. అనలేదు. నడుముకి కట్టుకుని, "నిన్న అరిచాక మీరు బాగానే ఉన్నారని తెలిసింది, మెత్తగా మాట్లాడిన రోజులు నాకే భయమేసింది" అంది. గట్టి పిండం. నేను ఎంచి తెచ్చుకున్న కోడలే మరి.

ఇప్పుడు నా మొర వినండి వదినా. నేను తాళంచెవి అడగడం లేదు. పందెం మళ్ళీ మొదలుపెట్టనివ్వమని అడుగుతున్నాను. ఈసారి నెలంతా. గెలిస్తే తాళంచెవి నాది. కోడలు ఒప్పుకుంది, మీరూ ఊఁ అనండి. మిషన్ల గది మాత్రం లెక్కలోకి రాకూడదు. ఫోన్లో దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడటం కూడా. మా ఆయన అసలు లెక్కలోకి రారు, అది ఇంటి విషయం.

సోమవారం నుంచి అరవను. పక్కా. రేపు ఆదివారం కాబట్టి రేపు అరుస్తాను.

ఏంటండీ ఇంకా రాస్తున్నారు, నేను చెప్పేసి ఎంతసేపైంది! ఆ చెయ్యా, చెక్కా? ఇలా ఇవ్వండి, వేలిముద్ర వేస్తాను!

ఉరుములమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
పెద్ద కోడలు. (పందేనికి ఒప్పుకున్నాను. మిషన్ల గదికి ఒప్పుకోలేదు.)
కంప్యూటరమ్మాయి. (శుక్రవారం కేక నేను స్వయంగా విన్నాను. ఇప్పటికీ వినపడుతోంది.)
చిన్నోడు. (అమ్మ అరిస్తేనే నాకు ధైర్యం.)

రాసింది: మా అక్కకి తమ్ముడు, ఉరుములమ్మకి మొగుడు. ముద్ర వేసేటప్పుడు సిరా నా చొక్కాకి కూడా అంటింది. దాన్ని ఉతకడానికిచ్చాను. పచ్చ కొక్కెం.